పెళ్లికాని సరంగు, గడ్డకట్టిన కాలువ

కాలువ మీద పడవలను ఎత్తుపల్లాలు దాటించే లాకు తలుపులు మూసేసి, తాళం వేసి కూర్చున్నాడు ఒక తండ్రి. పెళ్లికాని కూతురు కడుపుతో ఉంది. ఆ బిడ్డకు తండ్రెవరో తేలేదాకా ఒక్క పడవనూ కదలనివ్వనంటాడు. లాకు కాపలాదారు ఒక్కడు మొండికేస్తే లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా సరుకు మోసే దారి మధ్యలో తెగిపోతుంది.

1964లో వచ్చిన ‘ది బార్జీ’ అనే బ్రిటిష్ కామెడీ సినిమాలో కథ మలుపు తిరిగేది ఇక్కడే. హీరో పేరు హెమెల్ పైక్. గ్రాండ్ యూనియన్ కాలువ మీద సరుకు పడవ నడిపే సరంగు. పెళ్లి కాలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. కాలువ పొడుగునా రేవుకో స్నేహితురాలు ఉంటుంది. పడవ ఆగిన చోట మురిపెం, కదిలాక మరో ఊరు. తోడు పనివాడు రోనీ, వరసకు కజిన్. లాకు కాపలాదారు జో టర్న్‌బుల్ కూతురు క్రిస్టీన్‌తో మాత్రం హెమెల్ ఆట సాగదు. చివరికి తప్పు ఒప్పుకుని ఆమెను పెళ్లి చేసుకుంటాడు.

ఇంత చెప్తే ఇది ఆడవాళ్ల వెంట తిరిగే మగాడి కథ, ఆఖర్న మెడకు తాడు పడింది అన్నట్టు అనిపిస్తుంది. చాలామంది అలాగే చూసి నవ్వుకుని మర్చిపోయారు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. ఆ వృత్తిలో ఉన్నవాడు అసలు బ్రహ్మచారిగా ఎలా మిగిలాడు? ఇంగ్లండ్ కాలువల మీద సరుకు మోసే పని దాదాపు వందేళ్లపాటు నిలబడింది పెళ్లి మీదే. భార్య లేకపోతే పడవ నడవదు, పిల్లలు లేకపోతే కూలీ గిట్టదు. అలాంటి చోట ఒక ఒంటరివాడు హీరో అయ్యాడంటే, ఆ బతుకు అప్పటికే కూలిపోతోందని అర్థం. ఈ చిక్కుముడి విప్పితే సినిమా వేరేగా కనిపిస్తుంది.

ముందు సినిమా తీసినవాళ్ల గురించి రెండు మాటలు. కథ రాసింది రే గాల్టన్, అలాన్ సింప్సన్ అనే జంట రచయితలు. ఇద్దరూ యవ్వనంలో క్షయ వ్యాధితో ఒకే శానటోరియంలో చేరి, అక్కడ స్నేహితులయ్యారు. 1962లో బీబీసీ కోసం ‘స్టెప్టో అండ్ సన్’ అనే టీవీ కామెడీ మొదలుపెట్టి దేశాన్నంతా కట్టిపడేశారు. అందులో పాత సామాన్ల బండి నడిపే తండ్రీకొడుకులుంటారు. కొడుక్కి వయసు మీద పడుతోంది, పెళ్లి లేదు, తండ్రిని వదిలి పోదామనుకుంటాడు, పోలేడు. ఆ కొడుకు పాత్ర వేసింది హ్యారీ హెచ్. కార్బెట్. ఆ సీరియల్‌ను తెరకెక్కించిన డంకన్ వుడ్డే ‘ది బార్జీ’ దర్శకుడు, కార్బెట్టే హెమెల్. అంటే అదే బృందం. గుర్రపు బండి స్థానంలో పడవ వచ్చింది. రెండూ కాలం చెల్లుతున్న వృత్తులే. రెండు చోట్లా బ్రహ్మచారి ఉన్నచోట ఉండలేక, పైకి రాలేక కొట్టుమిట్టాడుతుంటాడు.

కార్బెట్ పుట్టింది రంగూన్‌లో, 1925లో. తండ్రి అక్కడ బ్రిటిష్ సైన్యంలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో రంగూన్ రేవులో మూటలు మోసిన కూలీల్లో తెలుగువాళ్లే చాలా ఎక్కువ. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లారు కాబట్టి అక్కడివాళ్లు వాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. తల్లి చనిపోవడంతో పసివాడిగానే కార్బెట్ ఇంగ్లండ్ చేరి మాంచెస్టర్‌లో పెరిగాడు. సినిమాకూ దీనికీ సంబంధం లేదు. కానీ నీళ్ల మీద సరుకు మోసే మనిషిని తెరమీద చూపించిన నటుడు, మన రేవు కూలీల చెమటతో నడిచిన ఊళ్లో పుట్టాడని తెలిసినప్పటినుంచీ ఆ మాట నా మనసులోంచి పోలేదు.

ఇక సినిమా పేరు. ‘బార్జీ’ అంటే బార్జి నడిపేవాడు. ఆ మాట వింటే కాలువ మనుషులకు ఒళ్లు మండేది. ఇంగ్లిష్‌లో ఆ మాటకు నోటిదురుసు మనిషి, మోటు మనిషి అనే అర్థం అంటుకుపోయింది. పైగా వాళ్లు నడిపేవి బార్జిలు కానే కావు. బార్జి వెడల్పుగా ఉంటుంది. వీళ్లది నారోబోట్, అంటే సన్నటి పడవ. వెడల్పు 7 అడుగుల లోపు, పొడవు సుమారు 70 అడుగులు. వాళ్లు తమను తాము ‘బోట్‌మెన్’ అనుకునేవారు. కాలువను ‘కట్’ అనేవారు, అంటే తవ్విన కోత. ఒడ్డు మీద ఇళ్లలో బతికేవాళ్లు వాళ్ల దృష్టిలో వేరే జాతి. హెమెల్ పైక్ అనే పేరు మాత్రం రచయితలు ముచ్చటగా పెట్టారు. హెమెల్ హెంప్‌స్టెడ్ ఆ కాలువ ఒడ్డునే ఉన్న ఊరు, పైక్ అంటే మంచినీటి చేప. పేరులోనే ఊరూ నీరూ రెండూ వచ్చేశాయి.

పడవ ఆ కొలతలో ఎందుకుంది అన్నదానికి సమాధానం లాకుల్లో ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్లకు లాకు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. బస్సు కండక్టర్ ‘లాకులు, లాకులు’ అని అరిస్తే దిగే స్టాపులు ఇప్పటికీ ఉన్నాయి. తెలియనివాళ్ల కోసం చెప్తాను. కాలువ ఎత్తుపల్లాలు ఎక్కడం కోసం కట్టిన నీటి మెట్టు అది. రెండు వైపులా రాతి గోడలు, ముందూ వెనకా పెద్ద చెక్క తలుపులు. పడవ కిందినుంచి వచ్చిందనుకోండి. గదిలో నీళ్లు కింది మట్టానికి దిగి ఉండాలి. కింది తలుపులు తెరిచి పడవను లోపలికి తెస్తారు, తలుపులు మూస్తారు. ఒకరు గట్టెక్కి, వంకర ఇనప హ్యాండిల్‌ను పళ్ల చక్రానికి తగిలించి తిప్పుతారు. పై తలుపుల దగ్గరున్న తూము లేస్తుంది, నీళ్లు సుడులు తిరుగుతూ లోపలికి దూకుతాయి. పడవ నెమ్మదిగా పైకి తేలుతుంది. చుక్కాని దగ్గరున్నవాళ్లు పడవ వెనక్కీ ముందుకూ కొట్టుకోకుండా చూసుకోవాలి. రెండు మట్టాలూ సమానమయ్యాక పై తలుపులు కదులుతాయి. కదులుతాయంటే వాటంతట అవి కాదు. తలుపుకు అడ్డంగా బిగించిన పొడవాటి దూలానికి నడుము ఆనించి, మడమలు నేలలో దించి నెట్టాలి. గ్రాండ్ యూనియన్ మీద ఉన్న పెద్ద లాకు ఒక్కసారి నిండడానికి సుమారు 56,000 గ్యాలన్లు, అంటే రెండున్నర లక్షల లీటర్ల నీళ్లు కావాలి.

లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు ఆ కాలువ మీద 137 మైళ్లు. దారిలో 166 లాకులు. ఒక్కోదానికి పది నిమిషాలే అనుకున్నా, లాకులు దాటడానికే దాదాపు 28 గంటలు పోతాయి. పడవ నడక మనిషి నడకంత. ఇప్పుడు ఒక్క మనిషి ఇవన్నీ చేయగలడా అని ఆలోచించండి. చుక్కాని పట్టాలి, గట్టెక్కాలి, తూము లేపాలి, తలుపు నెట్టాలి, మళ్లీ పడవలోకి దూకాలి. పైగా పడవ ఒకటి కాదు, రెండు. ముందు ఇంజన్ ఉన్న మోటారు పడవ, దాని వెనక తాడుతో లాక్కెళ్లే ఇంజన్ లేని పడవ. దీన్ని ‘బటీ’ అంటారు, ఆ మాటకు జతగాడు అని అర్థం. పెద్ద లాకులో రెండూ పక్కపక్కనే సరిగ్గా పడతాయి. ఈ జంట కలిసి సుమారు 50 టన్నులు మోసేది. లాభం రావాలంటే జంటగానే నడపాలి. జంట నడపాలంటే మోటారు చుక్కాని దగ్గర ఒకరు, బటీ చుక్కాని దగ్గర ఒకరు, సైకిల్ మీద ముందే వెళ్లి రాబోయే లాకును సిద్ధం చేసేవాళ్లు ఒకరు. తక్కువలో తక్కువ ముగ్గురు.

కంపెనీలు కూలీ ఇచ్చేది మాత్రం ఒక్కరికి. ఎన్ని టన్నులు, ఎంత దూరం అని లెక్కగట్టి డబ్బు సరంగు చేతిలో పెట్టేవారు. మిగిలిన ఇద్దరి సంగతి అతనే చూసుకోవాలి. పెళ్లి అక్కడే పనికొచ్చింది. బటీ చుక్కాని భార్య పట్టుకునేది, చంకలో పిల్లను పెట్టుకుని. పదేళ్ల కొడుకు లాకుల దగ్గర పరుగెత్తేవాడు. నడక రాని పసివాడు నీళ్లలో పడకుండా కాబిన్ పైకప్పు మీద తాడుతో కట్టి ఉంచేవారు. ముగ్గురి చాకిరీకి ఒక్క కూలీ.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. 1761లో వర్స్‌లీ గనుల బొగ్గును మాంచెస్టర్‌కు చేర్చే బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచినప్పుడు నగరంలో బొగ్గు ధర సగానికి పడింది. బండికి కట్టిన గుర్రం రోడ్డు మీద ఒకటి రెండు టన్నులు లాగితే, అదే గుర్రం గట్టు మీద నడుస్తూ నీళ్ల మీది పడవలో పాతిక టన్నులు పైగా లాగేది. ఇక దేశమంతా కాలువల పిచ్చి పట్టింది. ఆ తొలి రోజుల్లో చాలామంది పడవ కార్మికులు ఒడ్డున ఇల్లు పెట్టుకుని, మగవాళ్లు మాత్రమే పడవ మీద వెళ్లేవారు. 1840ల నుంచి రైళ్లొచ్చి రేట్లు పడేశాయి. కాలువ కంపెనీలు కిరాయి తగ్గించాయి, సరంగుల కూలీ తగ్గింది. ఇంటద్దె కట్టలేకా, తోడు పనివాడికి జీతం ఇవ్వలేకా కుటుంబాలు కుటుంబాలే పడవల్లోకి చేరాయి. పడవ మీది సంసారాన్ని ఏదో జిప్సీ మోజులా బొమ్మలేసి చూపించేవాళ్లున్నారు. నిజానికి అది రైలు దెబ్బకు పేదవాడు వెతుక్కున్న సర్దుబాటు.

ఆ సంసారం ఇమిడిన చోటు చూస్తే గుండె కలుక్కుమంటుంది. 70 అడుగుల పడవలో సరుకుకే చోటంతా పోగా, వెనక చివర మిగిలే కాబిన్ దాదాపు 10 అడుగులు. అడుగు పెట్టగానే పక్కన బొగ్గు పొయ్యి, వంటా వెచ్చదనమూ దాని మీదే. పొయ్యి పక్కన గోడ బీరువా. దాని తలుపు కిందికి దించితే అదే భోజనాల బల్ల, మూస్తే అదే బొమ్మలేసిన గోడ. ఇంకో బీరువాలోంచి పలక లాగి అడ్డంగా పరిస్తే అది భార్యాభర్తల మంచం. పక్కనున్న బెంచీ పిల్లల పడక. గోడల నిండా లేసు అంచుల పింగాణీ పళ్లేలు, తళతళలాడే ఇత్తడి గుబ్బలు. తలుపుల మీద, నీళ్ల కెన్ల మీద గులాబీలు, కోటబురుజులు. అంత పొగలో, మసిలో, బొగ్గు ధూళిలో ఆ ఇల్లాళ్లు ఆ ఇత్తడిని రోజూ తోమి మెరిపించేవారు. నన్నడిగితే ‘బార్జీ’ అనే తిట్టుకు వాళ్లిచ్చిన జవాబు అదే.

ఆ ఇరుకు చూసి ప్రభుత్వం 1877లో కాలువ పడవల చట్టం తెచ్చింది. పడవలను రిజిస్టర్ చేయాలి, ఒక్కో కాబిన్‌లో ఎంతమంది ఉండొచ్చో లెక్క ఉండాలి అంది. చట్టం వచ్చినా చదువు రాలేదు. ఇవాళ ఇక్కడ, రేపు నలభై మైళ్ల అవతల ఉండే పిల్లాడు ఏ బడికి వెళ్తాడు? పడవవాళ్లలో చదవడం, రాయడం రానివాళ్లు తరాల తరబడి ఉండిపోయారు. ఒళ్లు బాగోకపోతే స్టోక్ బ్రూన్ అనే ఊళ్లో కాలువ ఒడ్డున సిస్టర్ మేరీ వార్డ్ అనే నర్సు ఉండేది. పడవవాళ్లకు వైద్యం, పురుడు, ఉత్తరం చదివి పెట్టడం అన్నీ ఆమే.

ఇవన్నీ మనసులో పెట్టుకుని మళ్లీ హెమెల్ దగ్గరికి రండి. అతని బటీ మీద భార్య లేదు, రోనీ ఉన్నాడు. రెండు పడవలు, ఇద్దరు మగవాళ్లు. తరాల నాటి లెక్క ఇక్కడ తప్పింది. హెమెల్ ఒంటరిగా ఉండడం అతని సరదా అని సినిమా మనల్ని నమ్మమంటుంది. కొంత నిజమే కావచ్చు. కానీ 1960ల నాటికి పడవ మీదికి కాపురానికి రమ్మంటే ఏ అమ్మాయి వస్తుంది? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో మునిసిపాలిటీలు కార్మికులకు లక్షల ఇళ్లు కట్టించాయి. కుళాయి తిప్పితే నీళ్లు, ఇంట్లోనే బాత్రూమ్, నడిచి వెళ్లే దూరంలో బడి. పడవలో పుట్టి పెరిగిన ఆడవాళ్లే తమ పిల్లల్ని ఒడ్డెక్కించాలని పట్టుబట్టారు. భార్య ఒడ్డెక్కితే బటీ చుక్కాని ఖాళీ. అది ఖాళీ అయితే సరంగూ ఏదో ఫ్యాక్టరీలో పని చూసుకోవాల్సిందే. కాలువ సరుకు రవాణాను లారీలు చంపాయంటారు. నిజమే, కానీ సగం నిజం. ఉచితంగా చాకిరీ చేసిన ఆడవాళ్లు ఇక చేయమని లేచి వెళ్లిపోవడం మిగతా సగం. దీని గురించి చరిత్ర పుస్తకాల్లో ఒక పేరా రాసి సరిపెడతారు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది.

యుద్ధ సమయంలో ఇదే విషయం ఇంకో రకంగా బయటపడింది. మగవాళ్లు సైన్యానికి వెళ్లాక, పడవలు నడపడానికి ప్రభుత్వం కొందరు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చింది. చాలామంది చదువుకున్న మధ్యతరగతి అమ్మాయిలు. వాళ్ల బ్యాడ్జీ మీద ఇన్‌లాండ్ వాటర్‌వేస్‌కు గుర్తుగా ‘ఐ డబ్ల్యూ’ అని ఉండేది. జనం దాన్ని ‘ఐడిల్ విమెన్’, పనీపాటా లేని ఆడవాళ్లు అని చదివి నవ్వేవారు. లండన్ లైమ్‌హౌస్‌లో ఇనుము లాంటి సరుకు ఎత్తుకుని బర్మింగ్‌హామ్ వెళ్లి దించి, ఖాళీగా కొవెంట్రీ వైపు వెళ్లి బొగ్గు నింపుకుని తిరిగి దక్షిణానికి రావడం వాళ్ల పని. చేతులు కాయలు కాసి, గడ్డకట్టే చలిలో తడి తాళ్లు లాగి, చాలామంది మధ్యలోనే మానేశారు. పడవల్లో పుట్టిన ఆడవాళ్లు అదే పనిని ఏ బ్యాడ్జీ లేకుండా, ఏ జీతం లేకుండా పుట్టినప్పటినుంచీ చేస్తున్నారని అప్పుడు కొందరికైనా తెలిసింది.

ఇక లారీలూ, రైళ్లూ, చలీ. ఈ మూడింటిలో ఏది అసలు కారణమన్న వాదన ఇప్పటికీ నడుస్తుంటుంది. నా మటుకు నాకు ఇవి ఒకదాని మీద ఒకటి పడిన దెబ్బలు. నార్తాంప్టన్‌షైర్‌లో వాట్‌ఫర్డ్ గ్యాప్ అనే కనుమ దగ్గర నిలబడితే కథంతా ఒక్కచోటే కనిపిస్తుంది. రోమన్ల కాలం నాటి రోడ్డు, కాలువ, రైలు పట్టాలు, ఎం1 మోటార్‌వే, నాలుగూ కూతవేటు దూరంలో పక్కపక్కనే పోతాయి. ఎం1 మొదటి భాగం 1959 నవంబర్‌లో తెరిచారు. పడవ జంట రోజులు పట్టే దూరాన్ని లారీ కొన్ని గంటల్లో దాటేస్తుంటే, ఫ్యాక్టరీ యజమాని దేన్ని ఎంచుకుంటాడో వేరే చెప్పాలా? అప్పటికి పడవలకు మిగిలిన ముఖ్యమైన సరుకు బొగ్గు. హెమెల్ హెంప్‌స్టెడ్ దగ్గరి కాగితపు మిల్లుల్లాంటివి ఆ బొగ్గు మీద నడిచేవి. 1956లో గాలి కాలుష్యం తగ్గించే చట్టం వచ్చాక పొగ బొగ్గు వాడకం తగ్గుతూ వచ్చింది.

కాలువలను 1948 జనవరి 1న ప్రభుత్వం జాతీయం చేసింది. రైళ్లనూ కాలువలనూ ఒకే సంస్థ కిందకు తెచ్చింది. రైళ్ల ముందు కాలువల గోడు ఎవరు వింటారు? ఎన్నో కాలువలు పూడిపోయాయి, పడవల సంఖ్య ఏటా తగ్గింది. 1963 జనవరి 1న కాలువలను విడదీసి బ్రిటిష్ వాటర్‌వేస్ బోర్డు అనే కొత్త సంస్థకు అప్పగించారు. ఆ రోజుకు కాలువలు గడ్డకట్టి ఉన్నాయి.

1962 క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు మార్చి మొదటిదాకా వదల్లేదు. 1963 జనవరిలో మధ్య ఇంగ్లండ్‌లో నెల సగటు ఉష్ణోగ్రతే సున్నాకు రెండు డిగ్రీలు కింద. ఇరవయ్యో శతాబ్దంలో అంత చల్లని నెల అక్కడ మరొకటి లేదు. కాలువ మీద మంచు పలక కట్టింది. మంచు పగలగొట్టే పడవలు తెచ్చి దారి చేస్తే, రాత్రికి మళ్లీ బిగుసుకుపోయేది. బొగ్గు నింపిన పడవలు ఎక్కడివక్కడ, అందులోని కుటుంబాలు ఎక్కడివక్కడ నెలల తరబడి ఇరుక్కుపోయాయి. పడవ కదిలితేనే కూలీ. మిల్లులేమో ఆగవు కదా, బొగ్గు లారీల్లో తెప్పించుకున్నాయి. మంచు కరిగాక ఆ బేరాలు చాలావరకు తిరిగి రాలేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. ఆ ఏడాదే బోర్డు నారోబోట్లతో తన సరుకు రవాణాను చాలావరకు ఆపేసింది. అదే 1963లో స్టోక్ బ్రూన్‌లో కాలువ మ్యూజియం తెరిచారు. పడవలు ఒకవైపు ఆగుతుంటే, వాటి నీళ్ల కెన్లు మరోవైపు అద్దాల పెట్టెల్లోకి చేరుతున్నాయి.

సినిమా వచ్చింది ఆ మరుసటి ఏడాది, గ్రాండ్ యూనియన్ కాలువ మీదే, మార్స్‌వర్త్ లాంటి నిజమైన చోట్ల తీసింది. ఆ సంగతి తెలిసి చూస్తే హెమెల్ ధీమా మీద జాలేస్తుంది. నా స్వేచ్ఛ, నా పడవ, నా దారి అంటాడు. కాళ్ల కింద కాలువే జారిపోతోంది.

మన కాలువలకూ ఈ కథతో నిజమైన బంధుత్వం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్, డెల్టా కాలువలను పొలాలకు నీళ్లివ్వడానికే కాక పడవలు నడవడానికీ వీలుగా లాకులతో కట్టించాడు. ఇండియాకు రైళ్ల కన్నా కాలువలే చవక, మేలు అని జీవితాంతం వాదించాడు, 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే చెప్పాడు. సొంత దేశంలో అప్పటికే రైళ్లకు ఓడిపోయిన కాలువల తరఫున ఆయన మన దేశం విషయంలో పోరాడాడన్నమాట. బకింగ్‌హామ్ కాలువతో కలిసి ఒకప్పుడు కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలో వెళ్లే దారి ఉండేది. ఆ పడవలూ లారీలకే ఓడిపోయాయి. మనకు మిగిలినవి ‘లాకులు’ అనే బస్సు స్టాపులు.

ఇంగ్లండ్‌లో మాత్రం కాలువలు పూర్తిగా చావలేదు. ఎందుకన్నది ఈ సినిమాలోనే ఒక మూల ఉంది, తీసినవాళ్లు ఉద్దేశించి పెట్టారో లేదో కానీ. ఎరిక్ సైక్స్ అనే హాస్యనటుడు ఇందులో ఒక విహారి వేషం వేశాడు. సరదాకి పడవ కొనుక్కుని, నడపడం చేతకాక, పనిలో ఉన్న సరంగులకు అడుగడుగునా అడ్డం వస్తుంటాడు. నవ్వించడానికి పెట్టిన పాత్ర. చరిత్ర అతని వైపే వెళ్లింది. 1944లో టామ్ రోల్ట్ అనే ఇంజనీరు తన పడవ ప్రయాణం మీద రాసిన పుస్తకం చదివి జనం కాలువల మీద ప్రేమ పెంచుకున్నారు. 1946లో కాలువలను కాపాడేందుకు ఒక సంఘం పుట్టింది. 1968 రవాణా చట్టం వందల మైళ్ల కాలువలను విహార కాలువలుగా గుర్తించి, వాటిని నిలబెట్టాలంది. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలు, నదులు ఒక ధర్మసంస్థ చేతిలో ఉన్నాయి. వాటి మీద తిరిగే పడవలు పారిశ్రామిక విప్లవం నాటికన్నా ఎక్కువని ఆ సంస్థ చెప్తుంది. హెమెల్ చూసి నవ్వుకున్న మనిషి వల్లే హెమెల్ కాలువ బతికింది.

సినిమా మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా చెప్పాలి. దారి పొడుగునా హెమెల్‌కు ఎదురుచూసే ఆడవాళ్లకు కథలో తమ బతుకంటూ లేదు. వాళ్లు అతను ఆగే రేవులంతే. క్రిస్టీన్ పరిస్థితి ఆ రోజుల్లో ఎంత భయంకరమో కామెడీ మనల్ని ఆలోచించనివ్వదు. గర్భనిరోధక మాత్ర 1961లో బ్రిటన్‌కు వచ్చినా తొలి ఏళ్లలో పెళ్లైనవాళ్లకే ఇచ్చేవారు. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది 1967లో. మధ్యలో చిక్కుకున్న పెళ్లికాని అమ్మాయికి దారులు మూడే: తొందర పెళ్లి, దొంగచాటు ప్రమాదం, లేదా తల్లులను దాచే ఆశ్రమంలో ప్రసవించి బిడ్డను ఎవరికో ఇచ్చేయడం. ఆ చివరి దారిలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు వేలల్లో ఉన్నారు. జో టర్న్‌బుల్ లాకుకు తాళం వేయడం నవ్వు తెప్పిస్తుంది. కూతుర్ని కంటికి రెప్పలా పెంచుకున్న తండ్రి భయం అది అని ఒక్క క్షణం ఆగి చూస్తే నవ్వు రాదు. సరంగు కూలీ ఆగితే తప్ప సరంగు నోరు విప్పడని ఆయనకు తెలుసు. చేతిలో ఉన్న ఒక్క ఆయుధం లాకు, దాన్నే వాడాడు.

ఈ లోపాలున్నా సినిమాను వదిలేయొద్దంటాను. సరుకు పడవల జంట పనిలో ఉండగా, రంగుల్లో, నిజమైన కాలువ మీద కనిపించే సినిమాలు ఎన్నో లేవు. దొరికితే చూడండి. హెమెల్ మాటల మీద కన్నా వెనకాల జరిగేదాని మీద కన్నేయండి. లాకులోకి రెండు పడవలు ఎలా ఒదుగుతాయో, ఎవరు గట్టు మీదికి దూకుతారో, తలుపు దూలానికి నడుము ఎలా ఆనిస్తారో. బటీ చుక్కాని దగ్గర రోనీ నిలబడిన చోటు చూడండి. అంతకు ముందు తరంలో అక్కడ చంకలో పిల్లతో ఒక ఇల్లాలు నిలబడి ఉండేది.

బోర్డు మానేశాక కూడా కొన్ని చిన్న కంపెనీలు, కొందరు మొండి సరంగులు ఇంకొన్నేళ్లు సరుకు మోశారు. కాలువ పొడుగునా క్రమం తప్పకుండా నడిచిన చివరి పెద్ద బేరం, వారిక్‌షైర్ బొగ్గును లండన్ పక్కన సౌతాల్‌లో ఉన్న జామ్ ఫ్యాక్టరీకి చేర్చడం. పడవవాళ్లు దాన్ని ‘జామ్ హోల్’ అనేవారు. 1970 అక్టోబర్‌లో ఫ్యాక్టరీ బొగ్గు మానేసింది. ఆఖరి జంట అక్కడ బొగ్గు దించి ఖాళీగా వెనక్కి తిరిగింది.